మామ ఆఖరి చావు

మహాజనులారా, ముందుగా సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. ఈ నాలుగు మాటల వల్ల మా ఊరి పెద్దల పరువుకు నలుసంత హాని కలిగినా నా కలం విరిగిపోవుగాక. విరగకపోతే తప్పు నాది కాదు, కలం గట్టిది.

మామ పోయాడు. పక్కింటి మామ. కౌబాయ్ సినిమాల్లో నల్ల టోపీ పెట్టుకుని, హీరో తుపాకీ దెబ్బకు గుర్రం మీది నుంచి పడి చచ్చే విలన్. అమ్మ వంటింట్లోంచి వచ్చి, "మామ చచ్చిపోయినాడంటరా" అంది.

"ఏ సినిమాలో అమ్మా?" అన్నాను. గరిటె నా చెవి పక్కగా పోయింది. అప్పుడు నమ్మాను.

మామ మొదట మార్కాపురం పలకల గనిలో పనివాడు. ఒకనాడు రాయి చీలి చెంప తెగింది. గని యజమాని చూసి, "మొగం చూస్తే జడుపొస్తాంది, రేపట్నించి రావాకు" అన్నాడు. ఆ గాటుతోనే మామ మద్రాసు పోయాడు. అక్కడి సినిమావాళ్లు అదే గాటు చూసి చేతికి తుపాకీ ఇచ్చారు.

"ఆ సినిమాల్లో ఊరు ఏ జిల్లా మామా?" అని ఒకసారి అడిగాను.

"ఎవురికి తెలుసల్లుడా! నిన్నటిదాంకా మన్ది కర్నూలనిరి, ఇప్పుడు ఒంగోలంటాండారు. అదిగూడా అట్లాంటి ఊరే అయ్యుంటది."

షూటింగులు లేనప్పుడు ఊరికొచ్చి పెరట్లో జొన్నచొప్ప పరుచుకుని పడటం సాధన చేసేవాడు. అత్త దండెం మీద బట్టలారేస్తూ తప్పులు దిద్దేది. "మోకాలు ముందే మడస్తాండావు. గుండెకు తగిలినోడు అట్ల పడతాడా?"

"హీరో గురి ఎట్లన్నా ఉండనీ, మనం మాత్రం సరిగా పడాల" అనేవాడు మామ, మళ్లీ లేస్తూ.

తెర మీద చేసిన పాపాలకు ఊళ్లో శిక్ష వేశారు. ఆయన వస్తుంటే ఆడవాళ్లు పిల్లల్ని కొంగు కింద దాచేవారు. గని యజమాని ఇంటి పెళ్లిలో మామ బంతిలో కూర్చోగానే, "ఎనక్కి పోప్పా, పిల్లోళ్లు దడుచుకుంటారు" అని లేపించారు. నాకు ఆ పూట లడ్డు గొంతు దిగలేదు. రెండోది దిగింది. అందుకు ఇప్పటికీ నా మీద నాకే రోత.

గిద్దలూరు టూరింగ్ టాకీసుకు తన సినిమా వస్తే తలకు తువ్వాలు చుట్టుకుని నాతో నేల టికెట్టులో కూర్చునేవాడు. తను చచ్చే సీనులో తెర చూసేవాడు కాదు, కళ్లు మూసుకుని వినేవాడు. జనం ఈలలు వేస్తే నా భుజం నొక్కి, "చావు కుదిరిందల్లుడా" అనేవాడు. ఈల పడకపోతే ఆ రోజు అన్నం ముట్టడు.

"నేను నిజంగా పోయిన్నాడు ఎవురేస్తారో ఈల" అని ఒకసారి నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

ఆ నిజం రోజున ఊరంతా వచ్చింది. బతికుండగా దడుచుకున్నవాళ్లు పాడె మీదికి ఎగబడ్డారు. ఒకడు వేలితో చెంప తడిమి, "నిజం గాటేరా! రంగు గాదు!" అని పక్కవాడికి చూపించాడు. యజమాని బంతిపూల దండతో వచ్చి ప్రసంగించాడు. "సౌమ్యుడు! కళామతల్లి బిడ్డ! ఈ గాటు మా గని పెట్టిన భిక్ష. మేం లేకుంటే ఈయన యాడ?"

చప్పట్లు. శవం ముందు చప్పట్లు కొట్టారండీ!

పాడె లేచింది. చప్పట్లు ఆగాయి, డప్పు ఇంకా మొదలుకాలేదు. ఆ నిశ్శబ్దంలో ఒక ఈల లేచింది. నేల టికెట్టు ఈల, పొడవైనది.

"ఏ నీచుడ్రా వాడు?" యజమాని గర్జించాడు. ఊరంతా వెనక్కి తిరిగింది. అత్త ఒక్కతే ముఖం మీది కొంగు తీసి పాడె వైపు చూసింది.

"ఈ తూరి మోకాలు మడవలేదు" అంది.

పెరట్లో జొన్నచొప్ప అట్లానే ఉంది, మనిషి పడినంత మేర అణిగి. ఊరు ఆ నీచుణ్ణి ఇంకా వెతుకుతోంది. పెద్దలకు అంత శ్రమ ఎందుకు? రెండు వేళ్లు నోట్లో పెట్టింది నేనే. కుదిరిన చావుకు వేయాల్సినంత గట్టిగా వేశాను.