డంపరు నూనె, అంబులెన్సు బ్రేకులు

పదవీ విరమణకు ఇంకా మూడేళ్ళుందనగా నన్ను ఓపెన్‌కాస్టు గనిలో డంపర్లనే భారీ లారీలను బాగుచేసే షాపు నుంచి గోదావరిఖని ఆటో వర్క్‌షాపుకు ఇన్‌చార్జి ఇంజినీరుగా బదిలీ చేశారు. జీపులు, అధికారుల కార్లు, అంబులెన్సులు అక్కడికే వచ్చేవి. రిటైరైనవాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళు రాలేదు. రెండు షిఫ్టుల పనీ నా ఒక్కడి మీదే నడిచేది. పొద్దున ఇంటినుంచి బయల్దేరేటప్పటికే అలసటగా ఉండేది.

ఆ బండ్లన్నిట్లో పాతది ఒక అంబులెన్సు. దాని డ్రైవరు కొమురయ్యది కాసిపేట. ఇరవై ఏళ్ళుగా అదే బండి నడుపుతున్నాడు. ఒకరోజు బ్రేకు పెడల్ కిందికి దిగిపోతోందని చెప్పాడు. మనుషులు చాలక డంపర్ల షాపు నుంచి నేను అడిగి తెచ్చుకున్న ఫిట్టరు ఓదెలుకు ఆ పని అప్పజెప్పాను. సాయంత్రానికి 'బ్రేక్ ఆయిల్ నింపినాము' అని జాబ్ కార్డు వచ్చింది. సంతకం పెట్టాను. ఏ ఆయిలని అడగలేదు.

అడగవలసిన కారణం ఉంది. మా డంపర్ల బ్రేకుల్లో పోసేది హైడ్రాలిక్ నూనె. అది పెట్రోలియం నుంచి వచ్చేది. ఆ బ్రేకుల రబ్బరును దానికి తట్టుకునేలాగే చేస్తారు. చిన్న బండ్లలో పోసేది అసలు నూనే కాదు, గ్లైకాల్ అనే రసాయనంతో చేసిన ద్రవం. షాపులో మాత్రం రెండింటినీ బ్రేక్ ఆయిల్ అనే అంటారు. చిన్న బండిలో డంపరు నూనె పడితే లోపలి రబ్బరు కప్పులు ఉబ్బుతాయి. ఆ తర్వాత నొక్కిన బ్రేకు వదలదు.

నాలుగు రోజులకు కొమురయ్య నా గదికి వచ్చాడు.

"సార్, బండి గుంజుతలేదు. చక్రాలు ముట్టుకుంటే కాలుతున్నయ్. ఒక్కసారి ఇప్పి చూడుండ్రి."

అప్పటికే రెండు జీపులు విప్పి ఉన్నాయి. బ్రేకులు కొంచెం వదులు చేయమని ఓదెలుకు చెప్పాను.

"లూజు చేస్తె పోయేది కాదు సార్, లోపట ఏందో అయింది," అన్నాడు కొమురయ్య.

రేపు చూద్దామన్నాను. అతను బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం భూగర్భ గనిలో పైకప్పు నుంచి బొగ్గుపెళ్ళ పడి సత్తయ్య అనే కార్మికుడి కాలు నలిగింది. అతన్ని దవాఖానకు తీసుకెళ్తుంటే దారిలో అంబులెన్సు బిగుసుకుపోయి, చక్రాల దగ్గర పొగలు కక్కుతూ ఆగిపోయింది. కొమురయ్య రోడ్డుకు అడ్డం నిలబడి షిఫ్టు బస్సును ఆపి, సత్తయ్యను అందులోకి ఎక్కించాడు. అరగంట పోయింది. కాలు దక్కింది గానీ సత్తయ్య మళ్ళీ గని దిగలేదు. ఆ అరగంట వల్ల తేడా ఏమీ రాలేదని డాక్టరు చెప్పారు. నేను రెండోసారి అడగలేదు.

బండిని లాక్కొచ్చాక, పెడల్ నొక్కితే బ్రేకు ద్రవాన్ని చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్‌ను నేనే విప్పాను. రబ్బరు కప్పులు నానిన శనగల్లా ఉబ్బి ఉన్నాయి. వేలికంటిన నూనె వాసన చూశాను. డంపర్ల షాపులో పదిహేనేళ్ళు పీల్చిన వాసనే అది.

ఓదెలును పిలిచి చూపించాను. "డంపర్లకు గిదే పోస్తం గద సార్. వేరేది ఉంటదని నాకెవ్వలు చెప్పలే," అన్నాడు.

విచారణ కమిటీ మొదట డ్రైవరు వైపే చూసింది. లోపం తెలిసీ బండి ఎందుకు తీశావని కొమురయ్యను అడిగారు. అతను ముందురోజే నాకు చెప్పాడనీ, విప్పి చూడనిది నేనేననీ కాగితం మీద రాసిచ్చాను. తన పేరు రాస్తానా అని ఓదెలు అడిగాడు. రాయక తప్పదన్నాను. నూనె పోసింది అతనే అని రాశాను. ఏది పోయాలో చెప్పవలసింది నేను, చెప్పలేదు అని కూడా రాశాను. నాకు హెచ్చరిక లేఖ వచ్చింది. ఓదెలును డంపర్ల షాపుకు వెనక్కి పంపేశారు. కొమురయ్య మీద చర్య లేదు.

బండిలో నూనె తగిలిన రబ్బరంతా మార్చి, ఇనుప గొట్టాలను స్పిరిట్‌తో కడిగించాను. స్టోరు నుంచి కొత్త బ్రేకు ద్రవం వచ్చింది, డబ్బా మీద రకం డాట్ 5 అని రాసి ఉంది. పెద్ద నంబరంటే మంచిదే కదండీ అన్నారు స్టోరు అధికారి. కాదు. డాట్ 3, డాట్ 4 గ్లైకాల్‌తో చేసిన ఒకే జాతివి. ఈ 5 సిలికోన్‌తో చేసినది, మిగతావాటితో కలవదు. గొట్టాల్లో పాతది ఏమాత్రం మిగిలినా చిక్కే. ఆ బండిలో బ్రేకు ద్రవం పోసే ట్యాంకు మూత మీద డాట్ 3 అని ఉంది. డబ్బా తిప్పి పంపి అదే తెప్పించాను.

కొమురయ్య ఒక చుట్టు నడిపి వచ్చి, దిగి, నాలుగు చక్రాలకూ అరచేయి ఆనించి చూశాడు. "ఇప్పుడు వదుల్తున్నది," అన్నాడు. ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా ఏ లోపమైనా కాగితం మీద రాయించుకొచ్చి, నా సంతకం తీసుకునేవాడు. నోటిమాటగా మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు. అతన్ని తప్పు పట్టలేను.

ఒకే పేరుతో రెండు వస్తువులున్నప్పుడు ఏదని అడగాలి. రోజూ నడిపేవాడు బండి బాగాలేదంటే ఆరోజే విప్పాలి. అలసట నిజమే. జాబ్ కార్డులో దానికి గడి లేదు.