దేవుడి కుండలో బియ్యం

ఈవేళ పొద్దున్న ఎసట్లో బియ్యం పోయబోతూ చెయ్యి ఆపాను. వండేది ఒక్క మనిషికి. దేవుడి కుండలోకి తీసింది చూస్తే, నాకు మిగిలినదాని కంటే అదే ఎక్కువ కనబడింది. మా చర్చి ఆడవాళ్లందరికీ ఉన్న అలవాటే ఇది. పొయ్యి వెలిగించినప్పుడల్లా పిడికెడు బియ్యం విడిగా తీసి ఉంచి, నెలాఖరు ఆదివారం పీఠం దగ్గర పెట్టి వస్తాం. నాకు చదువు తక్కువ. వాక్యం చదవడం మా ఇంటాయన పని, పిడికిలి తియ్యడం నా పని. అరిగిన సబ్బుముక్కని కొత్తదానికి అంటించి వాడే మనిషినే గాని, ఆ పిడికిలి దగ్గర మాత్రం ఎన్నడూ పిసినారితనం చెయ్యలేదు.

ఆ పెద్ద తుఫాను వచ్చిన ఏడు మేము రేవు దగ్గర సందులో ఉండేవాళ్లం. గాలి రేకులెత్తుకుపోయింది, వాన తిన్నగా మా బియ్యం డబ్బాలోకే దిగింది. కొట్లన్నీ మూత. రేకు నిలిచిన మూల, అటక మీదున్న దేవుడి కుండ ఒక్కటే పొడిగా మిగిలింది. పక్కింటివాళ్లు సముద్రం మీద వేటకెళ్లేవాళ్లు. చేపలు కడిగిన నీళ్లు మా గుమ్మంలోకి వదులుతోందని ఆ ఇంటావిడతో నాకు ఏడాదిగా మాటల్లేవు. వాళ్ల మగవాళ్లు పడవలు కాసుకుంటూ రేవులోనే ఉండిపోయారు. ఇల్లు కూలి, ముసలి అత్తని పొదివి పట్టుకుని ఆవిడ మా ఇంట్లోకి వచ్చి కూలబడింది. ముసలిదాని కళ్లు తేలిపోతున్నాయి. నేను కుండ దించాను.

"దించీసినావేటే! అది మనది కాదు, దేవుడిది," అన్నారు మా ఇంటాయన. ఆయన సంఘ పెద్ద.

"మనకోసం దించలేదు. పగోళ్లకీ పెట్టాలని చర్చిలో సదివింది మీరే గదా?"

"సదివినాను. పీఠం మీదెట్టకుండా తీసీమని సదవలేదు."

ఆయన మాటా తప్పు కాదు మరి. కళ్లు మూసుకుని ప్రార్థన చేశాను. ముసలిదాని మూలుగు తప్ప ఏమీ వినపడలేదు. పొయ్యి వెలిగించాను.

ఎన్నాళ్లకు సరిపెట్టాలో తెలియక గంజి పలచగా కాచాను. పక్కింటావిడ గిన్నెలోకి తొంగిచూసి, "అప్పా, ఈ మెతుకులు పట్టాలంటే వలెయ్యాలేటి?" అంది.

"నోర్మూసుకుని తాగు," అన్నాను. ఏడాది తర్వాత మేమాడుకున్న మొదటి మాటలవే.

ఆ గంజి ఆయన ముట్టలేదు. నా కడుపుకోసం తీశాననిపించుకోకూడదని నేనూ ముట్టలేదు. కొట్లు తెరిచేదాకా ఉత్త టీ నీళ్లతో, చెరో గోడకి ఆనుకుని, మాటాపలుకూ లేకుండా కూర్చున్నాం. మనిషి ఎదురుగా ఉండగా అంత ఒంటరిగా ఉండటం నాకు అదే మొదలు.

కొత్త బియ్యం తెచ్చిన పూట, ఎసరు మరుగుతుంటే ఆయన చేతులు కడుక్కుని వంటగదిలోకి వచ్చారు. కాపురంలో ఎన్నడూ బియ్యం డబ్బా మూత తియ్యని మనిషి. ఒక పిడికెడు తీసి ఖాళీ కుండలో వేసి, నా వైపు చూడకుండానే, "ఊఁ, నువ్వూ ఎయ్యి," అన్నారు. అప్పట్నుంచి పోయేవరకూ రోజూ తన పిడికిలి తానే వేసేవారు. నాదానికంటే అది పెద్దది. అంతెందుకని నేను గొణిగేదాన్ని.

ఇప్పటికీ రెండు పిడికిళ్లూ వేస్తున్నాను. రెండోది వేసేటప్పుడు వేళ్లు కాస్త వదులు చేస్తాను. కాలం ఆయన్ని తీసుకుపోయింది గాని, ఆయన పిడికిలి కొలత మాత్రం నా చేతిలోనే వదిలేసిపోయింది.