పులిసొరకు మూడు చుట్టుకొలతలు

ఎనభైల చివర్లో తెనాలిలో ఒక కలప అడితిలో దుంగలు కొలిచేవాణ్ణి. చదివింది ఎనిమిదో తరగతి. చుట్టుకొలత పట్టి ఘనపుటడుగులు కట్టడం సొంతంగా నేర్చుకున్నాను. భార్య పోయాక ఆరు రోజులు ఎలాగో గడిచేవి, ఆదివారమే గడిచేది కాదు. రేపల్లెలో అక్క ఉంది గాని, వెళ్తే మళ్ళీ పెళ్ళి మాటే. అందుకని బాపట్ల రైలెక్కి, అక్కణ్ణుంచి బస్సులో సూర్యలంక వెళ్ళి ఇసుకలో కూర్చునేవాణ్ణి.

ఒక ఆదివారం ఒడ్డున జాలర్లు పట్టిన పులిసొరచేప పడి ఉంది. ఒంటినిండా చారలు, తొమ్మిదడుగుల పైనే. వాళ్ళ కాటా అంత బరువు ఆపదు. నా జేబులో టేపు ఉంది. దుంగకైతే నడిమి చుట్టుకొలత ఒక్కటి చాలు; సొర తోకవైపు సన్నబడుతుంది కనుక మూడుచోట్ల పట్టి సగటు కట్టాను.

"ఏంటి బాబూ, టేకుదుంగ అనుకున్నావా?" అన్నాడు పడవ నడిపే పెద్దాయన.

చేపా నీళ్ళంతే తూగుతుందనుకుని లెక్కకట్టి, నూట అరవై కిలోలన్నాను. ముక్కలు కోసి తూస్తే నాలుగు కిలోలే తేడా. అప్పటినుంచి పెద్ద సొర పడితే "కొలతలబాబు వచ్చాడా?" అని వెతికేవాళ్ళు. నన్నొకరు వెతకడం వారంలో ఆ ఒక్కరోజే.

పెద్దాయన గాలాల తాడు చిక్కు తీస్తూ చెప్పేవాడు. పులిసొర ఎరను వెంటనే మింగదట. ముక్కుతో నెట్టి చూసి పోయి, మళ్ళీ వస్తుందట. మింగాక తాడు లాగకూడదు, వదలాలి. అది అలిసేదాకా పడవ దాని వెనకే పోవాలి. గాలం దగ్గర ఇనుపగొలుసు లేకపోతే కొరికేస్తుంది. ఒకదాని పొట్టలో తాబేలు చిప్పతోపాటు రబ్బరు చెప్పు కూడా దొరికిందట.

"ఒంటిగానే తిరుగుద్ది బాబూ, గుంపు కట్టదు. నీకు చుట్టమేమో!" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

ఒకనాడు పడవ నీళ్ళలోకి నెడుతున్నారు. లారీకెక్కే దుంగలను లెక్కపెట్టే అలవాటు కొద్దీ, ఎక్కుతున్నవాళ్ళను వేలు చూపి పైకే లెక్కపెట్టాను. "...నాలుగు, అయిదు."

పెద్దాయన భార్య ఎండుచేపలు వదిలి లేచింది. "నోరు ముయ్యి బాబూ! వేటకెళ్ళేవాళ్ళని ఎవరన్నా లెక్కెడతారా? అందరూ తిరిగి రావద్దా?"

పడవ వెనక్కి వచ్చేసింది. ఆరోజు వేట లేదు. ఎవరూ తిట్టలేదు.

తరవాత అయిదు ఆదివారాలు వెళ్ళాను. ఎవరూ పిలవలేదు. పడవలు కదిలే వేళకు సముద్రానికి వీపు పెట్టి, సరుగుడు చెట్ల వైపు చూస్తూ కూర్చునేవాణ్ణి. పెదవులు కూడా కదలనిచ్చేవాణ్ణి కాదు.

ఆరో ఆదివారం మధ్యాహ్నం వెనకనుంచి ఆవిడ గొంతు వినిపించింది. "ఇటు తిరుగు బాబూ. పడవొచ్చింది. ఇప్పుడు లెక్కెట్టు."

లేచి టేపు తీశాను. పడవ పక్కన తాడుతో కట్టిన సొర కనబడుతోంది.

"దాన్ని కాదు. ముందు మావోళ్ళని."

వాళ్ళు నడుంలోతు నీళ్ళలో, నావైపే చూస్తూ నిలబడ్డారు. ఈసారి వేలు చూపలేదు. నోటితోనే ఒక్కొక్కరినీ లెక్కపెట్టాను. ఆఖరున పెద్దాయన. అయిదు.

"సరిపోయిందా?" అన్నాడాయన.

"సరిపోయిందండి."

ఆ సొరకు చుట్టుకొలత రెండుచోట్లే పట్టానని తిరుగు రైలు నిడుబ్రోలు దాటాక గుర్తొచ్చింది. చెప్పడానికి పెట్టెలో తెలిసినవాళ్ళెవరూ లేరు.