మిషను చెప్పాల

మా అక్క మొగుడు మంచివాడే. కాకపోతే, కళ్లముందున్న దాన్ని కూడా జీపీఎస్ చూపిస్తేనే నమ్మేవాడు. ఫోన్లలో ఇంకా మ్యాపులు రాని రోజులవి. చేతిలో పట్టుకునే ఆ మిషను కోసం బెంగళూరులో అంగళ్లన్నీ తిరిగి, “మన పుంగనూరులో దొరికే పెన్సిల్ సెల్లులతో నడవాల” అని పట్టుబట్టి ఒకటి కొన్నాడు.

ఎవరో దాచిన డబ్బాను దాంతో వెతికి పట్టుకునే ఆట ఒకటుందట. ఒక ఆదివారం పొద్దున్నే బావ ఊరి పక్క గుట్టమీద మా చిత్రాన్నం క్యారియరునే దాచి, ఆ చోటును మిషనులో నమోదు చేసుకుని వచ్చాడు. తర్వాత అక్కనూ నన్నూ గుట్ట ఎక్కించాడు. సగం దారిలో సెల్లులు అయిపోయాయి. అయినా పైకి చేరగానే బండ సందులో క్యారియరు మెరుస్తూ కనిపించింది. నేను చెయ్యి చాపాను.

“ఉండమ్మా, మిషను సెప్పాల.”

“దాసింది నువ్వే గదా బావా!”

“దాసింది నేనే. కనుక్కోవాల్సింది మిషను.”

రేడియో సెల్లులకు చేసినట్టే, మళ్లీ కాస్త పనిచేస్తాయని ఆ అయిపోయిన సెల్లులను కాలే బండమీద ఎండబెట్టాడు. మేం ఆకలితో చూస్తూ కూర్చున్నాం. చివరికి అక్క విసుక్కుని క్యారియరు విప్పి ముగ్గురికీ స్టీలు తట్టల్లో వడ్డించింది. బావ మూతి ముడుచుకుని, సెల్లులు వేసిన మిషనును ఒళ్లో పెట్టుకుని తినసాగాడు. నాలుగు ముద్దలు తిన్నాడో లేదో, దానికి ప్రాణమొచ్చింది.

“క్యారియరుకు ఇంకా ఆరు మీటర్లు ఉండాది” అంటూ తట్టతో సహా లేచి, అవతలికి నడిచి, మిటమిటలాడే ఎండలో కూర్చున్నాడు.

అక్క తిట్టుకుంటూనే తన తట్ట, ఊరగాయ సీసా తీసుకుని లేచింది.

“యాడికక్కా?”

“అన్నం ఆడ ఉండాదంట గదా!”