సముద్రం మీదుగా పోయిన నా మాట

గంజాం జిల్లా ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, నా పదహారో ఏట జరిగింది ఇది.

బరంపురంలో మాది పట్టుబట్టల కొట్టు. కొట్టు నాన్నది, వైర్‌లెస్ పిచ్చి అన్నయ్యది. లైసెన్సు తెచ్చుకుని సొంతంగా యంత్రం కట్టాడు. మైకులో మాట్లాడితే మీడియం వేవ్ రేడియో రిసీవరు ఉన్నచోటల్లా వినిపించాలట. సోనేపూర్‌లో సముద్రపు ఒడ్డునున్న మా కొబ్బరికాయల గిడ్డంగిలో పెట్టెలు అమర్చి, రెండు చెట్ల మధ్య ఏరియల్ తీగ లాగాడు. తాను రిసీవరు పట్టుకుని కొండల అవతల దిగపహండి వెళ్ళాడు. రోజూ సాయంత్రం నాలుగింటికి మైకులో అరగంట చదవడం నా వంతు. లైసెన్సు ప్రకారం పాటలు పాడకూడదట. అందుకని నాకు తోడొచ్చిన నాయనమ్మ పంచాంగం చేతికిచ్చి, గుమ్మంలో కూర్చుని కునుకు తీసేది.

మూడో రోజు బండివాడితో అన్నయ్య కబురు పంపాడు. "ఒక్క ముక్క ఇనపడనేదు. అయినా ఆపకు, సదువు."

నాలుగో రోజు, గురువారం, తిథులూ వర్జ్యాలూ చదువుతూ వైశాఖంలోకి వచ్చాను. ఆ పేజీలో ఒకచోట పసుపు బొట్టు ఉంది. అది నా పెళ్ళి ముహూర్తం. కళింగపట్నం సంబంధం. పెళ్ళికొడుకు రెండో పెళ్ళివాడు, నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద. నన్నెవరూ అడగలేదు. ఎలాగూ వినేవాళ్ళు లేరన్న ధైర్యంతో మైకు దగ్గరకు జరిగాను.

"నాకీ పెళ్ళొద్దు. ఆ కళింగపట్నం ఆయన్ని సూస్తే మా పెదనాన్నని సూసినట్టుంది. నాను సదువుకుంటాను. నాన్నతో సెప్పడానికి నోరు రాదు," అన్నాను. ఏడ్చాను కూడా. ముక్కు చీదుకుని, మిగిలిన నక్షత్రాలు చదివేసి పెట్టె ఆపేశాను.

వారం తిరక్కుండా కళింగపట్నం నుంచి నాన్నకు ఉత్తరం వచ్చింది. పెళ్ళికొడుకే రాశాడు. అప్పటికి అన్నయ్య కూడా ఇంటికి తిరిగొచ్చాడు. మా అందరి ముందూ నాన్న పైకి చదవడం మొదలుపెట్టాడు. ఆ పెళ్ళికొడుకు కొత్తగా రిసీవరు కొన్నాడట. ఎవరో ఆడపిల్ల పంచాంగం చదువుతుంటే సాయంత్రాలు ఊరి పెద్దలంతా చుట్టూ కూర్చుని వింటున్నారట. "గురువారం నాడు" అన్న దగ్గర నాన్న చదవడం ఆపేశాడు. విన్నారు! ఊరు ఊరంతా విన్నారు, ముక్కు చీదుకోవడంతో సహా!

అన్నయ్య మాత్రం గంతేశాడు. "అంత దూరం ఎల్లిందేటి! దిగపహండి దారిలో కొండలూ రాతినేలా మింగేసినాయి. కళింగపట్నం దాకా అంతా ఉప్పునీరే గదా, దాని మీద సాగిపోయింది. నాను సముద్రం సంగతే మర్సిపోనాను!"

వాడి నెత్తిన ఒకటి మొట్టాలనిపించింది.

మిగతా ఉత్తరం నాన్న తనలో తానే చదువుకుని అన్నయ్యకిచ్చాడు. అన్నయ్య చదివి చెప్పాడు, పెళ్ళికొడుకు తాంబూలాలు వెనక్కి పంపేస్తున్నాడట. అమ్మాయిని ఏమీ అనొద్దనీ, ఆమె ఇష్టం అడగకపోవడం తన తప్పనీ రాశాడు. పెదనాన్నలా ఉన్నాడని నేను వెక్కిరించిన మనిషి! సిగ్గుతో చచ్చిపోయాను.

నాన్న నా దగ్గరకు వచ్చాడు. చెంప పగులుతుందని కళ్ళు మూసుకున్నాను.

"ఇంట్లోనే ఉన్నాను గదమ్మా, నాతో సెప్పలేకపోనావేటి?"

"సెప్తే ఇనీవోరా నాన్నా?"



"ఇనకపోదును," అన్నాడు, నా మొహం చూడకుండా.