మూడు కిటికీల మొక్క

మామయ్యకు కోపం తెప్పించడానికి పెద్దగా కష్టపడనక్కర్లేదు. ఆయన పెంచే అడవి ఆర్కిడ్‌ను చూసి, "అయ్యో, దీనికి మట్టి లేదే!" అంటే చాలు.

"మట్టా? చెట్టుకొమ్మ పట్టుకుని గాలిలో బతికే మొక్కకి మట్టెందుకయ్యా? నిన్ను పీకల్దాకా పాతిపెడితే నీకెలా ఉంటుంది?" అని విరుచుకుపడతాడు. గ్యాసుబండ తెచ్చినవాడితో అన్నాడు. పళ్లడాక్టరు ముందు నోరు తెరుచుకునే అన్నాడు. స్వయానా వియ్యంకుడితో అన్నాడు. ఆ వియ్యంకుడు ఇప్పటికీ ఫోనెత్తడం లేదు.

లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి. ఒకప్పుడు స్క్రూడ్రైవరున్న చొక్కాజేబులో ఇప్పుడు నీళ్లు చల్లే సీసా ఉంటుంది. ఆరేళ్లుగా చెక్కముక్కకు కట్టి సాకుతున్న ఆ మొక్క ఈ ఏడాదే కాడ తీసి, నాలుగు మొగ్గలు తొడిగింది.

అలాంటి మొక్కను తెచ్చి ఎక్కడ పెట్టాడు? మోకాలి ఆపరేషనై మూడువారాలైనా కాని చెల్లెలి ఇంట్లో! మేనకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. అమ్మ నడవకపోతే మోకాలు బిగుసుకుపోతుందని డాక్టరు మొత్తుకుంటున్నాడు. అమ్మేమో "రేపు చూద్దాంలే" అని మంచం దిగడం లేదు. ఆ బెంగతో తను చస్తుంటే, ఈయన మొక్కకు ఆయాను వెతుక్కుంటూ వచ్చాడు.

"పొద్దున తూర్పు కిటికీ," అని చెల్లెలికి ఆర్డర్లు వేశాడు. "పదింటికి ఎండ ముదురుతుంది, వంటింటి కిటికీకి మార్చు. నాలుగింటికి స్నానాలగది కిటికీ, అక్కడ గాలిలో తడి ఉంటుంది. చీకటిపడేలోగా మళ్లీ తూర్పు కిటికీ. వంగి వేళ్లు చూడు. తెల్లగా ఉంటే దాహం, పచ్చగా ఉంటే చాలు. ఒక్కపూట తప్పిందా, నా ఆరేళ్లూ నీళ్లపాలు!"

"నీకు బుద్ధుందా మామయ్యా? నడవలేని మనిషితో మొక్క మోయిస్తావా?"

"నువ్వుండు, నీకు తెలీదు. అది అడవి మొక్క."

"ఆవిడ నీ చెల్లెలు!"

"చెల్లెలు ఎక్కడికి పోతుంది? పోతే మొక్క పోతుంది!"

రోజూ పొద్దున్నే తనిఖీకి వచ్చేవాడు. మేనకోడలు మందుల షాపులో పనికి వెళ్లాక పదింటికోసారి, నాలుగింటికోసారి చెల్లెలికి ఫోను. "వంటింట్లో వెలుగెలా ఉంది? చూసొచ్చి చెప్పు." ఇదెక్కడి న్యాయం!

నెల తిరిగినా ఆమె కోపం చల్లారలేదు. షాపు పక్కనే ఉన్న నర్సరీ అతనికి చెప్పుకుని వాపోయింది.

అతను అదిరిపడ్డాడు. "మొగ్గలున్న ఆర్కిడ్‌ని రోజూ మూడు కిటికీలు తిప్పుతున్నారా? మొగ్గలన్నీ రాలిపోతాయండీ! ఆ సంగతి మీ మామయ్యకి తెలీకపోవడమేంటి? నాకు నేర్పిందే ఆయన!"

మర్నాడు పొద్దున ఆమె మామయ్యను గుమ్మంలోనే నిలదీసింది. "మొగ్గలు పోతాయని తెలిసే తెచ్చావు కదూ?"

"మెల్లిగా మాట్లాడవే! తన మోకాలికోసం నడవమంటే మీ అమ్మ నడవదు. నా మొక్కకోసమైతే చచ్చినట్టు నడుస్తుంది. మొగ్గలదేముంది, ఇంకో ఆరేళ్లకి వస్తాయి."

ఇద్దరూ లోపలికి వెళ్లారు. తూర్పు కిటికీలో రెండు పూలు విచ్చుకుని ఉన్నాయి.

"ఇదెలా పూసింది? పూయడానికి వీల్లేదే!" అని మామయ్య గావుకేక పెట్టాడు.

కర్ర లేకుండా వంటింట్లోంచి అమ్మ వచ్చింది. "కదిపితే కదా అన్నయ్యా రాలడానికి? మొగ్గ తొడిగిన మొక్కని ముట్టుకోకూడదని ఆరేళ్లుగా చెవులు చిల్లులు పడేలా చెప్పింది నువ్వే. ఎండెక్కితే తెర లాగాను, అంతే."

"మరి ఫోన్లో..."

"నువ్వడిగిన ప్రతిసారీ వట్టి చేతులతో ఆ కిటికీ దాకా వెళ్లి చూసొచ్చే చెప్పాను. అబద్ధమైనా పద్ధతిగా ఆడాలి కదా!"

మామయ్య జేబులోంచి సీసా తీసి, మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు. ఇంతటి మనిషి ఇలా నోరు పడిపోయి నిలబడటం మేనకోడలు చూడలేకపోయింది.

"అయ్యో మామయ్యా, దీనికి మట్టి లేదే!" అంది.

"మట్టా?" అని మామయ్య హాయిగా అందుకున్నాడు.