జాకరకొండకు పచ్చదనం ఎక్కువైంది

పాంగి సోనికి కోపం ఎక్కువని బొడ్డమామిడిలో అందరికీ తెలుసు. ఆ కోపమే లేకపోతే జాకరకొండ ఈపాటికి బోడిగుండై ఉండేదన్న సంగతీ తెలుసు.

గూడెం కొత్తవీధి దాటాక జీపు దిగి గంటన్నర నడిస్తే వచ్చే ఊరది. నలభై రెండు గడపలు. కొండ నడుమనున్న ఊట నుంచి గొట్టం వేసుకుని ఊళ్లోకి నీళ్లు తెచ్చుకున్నారు. ఐదేళ్ల కిందట మాఘమాసంలోనే ఆ గొట్టం గుర్రుమని ఊరుకుంది. మూడు నెలలు ఆడవాళ్లు కొండ కింద పారే గెడ్డ దాకా నడిచి బిందెలు మోశారు. మూడో నెలలో సోని బిందెను వీధి మధ్యలో బోర్లించి దాని మీద కూర్చుంది.

"ఇకమీదట కొండ మీద పోడు కాల్చినోడు, మేకలు తోలినోడు ఊరందరికీ కోడికూర పెట్టాల. ఎవుడైనా సరే."

మొదట దొరికినవాడు ఆమె మొగుడు ధర్మ. మేకలు రెండు కట్లు తెంపుకుని పోయాయని అతను ఎంత చెప్పినా వినలేదు. సొంత పెరట్లో పుంజును కోసి ఊరంతటికీ వండి పెట్టింది. ధర్మ మూతి ముడుచుకుని ఒక మూల కూర్చుని మెడ ముక్క నమిలాడు. ఆ తర్వాత కొండ మీదికి ఎవరూ మేకను తోలలేదు. అడవి కమిటీకి అధ్యక్షురాలిగా సోని పేరును ఇంకెవరూ ప్రతిపాదించనక్కర్లేకపోయింది.

నాలుగేళ్లలో కొండ కింది భాగం తేరుకుంది. కాలిన మోడుల నుంచే మద్ది, ఉసిరి, కరక చిగిర్చాయి. అడ్డతీగలు మళ్లీ పాకాయి. ఊట పైనున్న ఇరవై ఎకరాలు మాత్రం అలాగే ఉండిపోయాయి. అక్కడ వాన పడితే మట్టి జారిపోతుంది. అడ్డంగా రాతికట్టలు వేస్తే తప్ప మొక్క నిలవదు, కంచె కడితే తప్ప పక్క ఊరి పశువులు ఆగవు. కూలి మానుకుని నెలల తరబడి రాళ్లు మోయడం ఎవరి వల్లా అయ్యే పని కాదు.

అలాంటప్పుడు సంతకు వెళ్లిన సోనికి మండల ఆఫీసు గోడ మీద ఒక కాగితం కనిపించింది. ఉమ్మడి అడవులను బాగుచేసుకునే ఊళ్లకు విశాఖపట్నంలోని ఒక సంస్థ గ్రాంటు ఇస్తుందట. ఆశ్రమ పాఠశాలలో ఎనిమిది దాకా చదివిన సోని దాన్ని రెండుసార్లు చదివింది. మూడోసారి ఇంటికెళ్లి చదువుదామని గోడ నుంచి ఊడబెరికి రవికెలో దోపుకుంది.

దరఖాస్తు కంప్యూటర్లోనే పెట్టాలి. బస్సులు ఆగే చోట నెట్ సెంటర్ నడిపే వరహాలరావు నర్సీపట్నం వైపు నుంచి వచ్చి స్థిరపడినవాడు. మంచివాడే గాని కంప్యూటర్ ఏది చెబితే అతనికి అదే వేదం.

"ఏ మొక్కలు వేస్తారమ్మా?"

"మద్ది, కరక, ఉసిరి, పనస, అడ్డతీగ."

వరహాలరావు కిందికీ మీదికీ వెతికాడు. "అవేం లేవిక్కడ. టేకు, నీలగిరి, సిల్వర్ ఓక్, సుబాబుల్, ఇతరములు."

"అంటే మా అడవి మొత్తం ఇతరములేనేటి?"

"ఇతరములు పదోవంతుకు మించకూడదని కూడా ఉందమ్మా."

సోని దండం పెట్టి, తిట్టి, చివరికి పక్కనున్న ఖాళీ గడిలో తన చెట్ల పేర్లన్నీ రాయించింది. ఇంతలో ఇంకోటి తగులుకుంది. అటవీ హక్కు పత్రంలో ఊరి పేరు 'బొడ్డుమామిడి', బ్యాంకు పుస్తకంలో 'బొడ్డమామిడి'. ఒక్క కొమ్ము తేడా. రెండూ ఒక ఊరేనని కాగితం తెమ్మంది కంప్యూటర్. ఆ కాగితం కోసం సోని మూడుసార్లు మండల ఆఫీసుకు నడిచింది. మొదటిసారి సారు లేడు. రెండోసారి సారున్నాడు, ముద్ర లేదు. మూడోసారి రెండూ ఉన్నాయి, కరెంటు లేదు; చేత్తోనే రాయించి ముద్ర వేయించుకుంది.

గడువు చివరి రోజున అంతా సిద్ధమై, ఓటీపీ దగ్గర ఆగింది. అది వెళ్లే ఫోన్ నంబరు కమిటీ కార్యదర్శి సోంబరు ముసలాయనది. ఊళ్లో సిగ్నల్ ఉండేది పనసచెట్టు కింద ఒక్కచోటే. పొద్దున్నుంచీ అక్కడే కూర్చోమని సోని ముందే చెప్పి వచ్చింది. వరహాలరావు ఫోన్లోంచి ఆయనకు చేసింది.

"మావా, అంకెలొచ్చినాయి. బేగి సదువు!"

"ఉండవే కోడలా, కళ్లద్దాలు ఇంటికాడ ఉండిపోనాయి."

"పది నిమిషాల్లో అయి సెల్లవు మావా!"

"పరిగెట్టమంతావేటి నన్ను?"

మొదటి అంకెలు చెల్లిపోయాయి. రెండోసారి ఆయన తొమ్మిదిని ఏడని చదివాడు. మూడోసారికి దరఖాస్తు వెళ్లింది. సోని బయటికొచ్చి మెట్టు మీద కూలబడింది. వరహాలరావు టీ తెప్పించి ఇచ్చాడు.

మూడు నెలలకు, ఎండలు ముదురుతుండగా, భాస్కర్ అనే అతను తనిఖీకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నున్నటి బూట్లు. కొండ కింద నిలబడి తలెత్తి చూసి, పెదవి విరిచాడు.

"ఇది పాడైపోయిన అడవి కాదు కదమ్మా. పచ్చగా ఉంది. మా గ్రాంటు పాడైన అడవులకే."

సోని కొంగు నడుముకు బిగించింది. నోరు తెరిచాక ఆగలేదు.

"నాలుగేళ్లు మేం కాపాడితే పచ్చగైనాది బాబూ! మా మొగుళ్ల చేత కోళ్లు కోయించి కాపాడినాం. పాడైతేనే ఇత్తామంటే ఏటి సెయ్యమంతారు, ఇప్పుడెల్లి తగలెట్టీమంతారా? అగ్గిపెట్టి ఉందేటి మీకాడ?"

"రూల్ నేను పెట్టింది కాదమ్మా."

"మరైతే పైకి రండి. కిందన నిలబడి కొండని సూడ్డమేటి?"

భాస్కర్ వాచీ చూసుకున్నాడు. సోని అప్పటికే ఎక్కుతోంది. చేసేది లేక అతనూ ఎక్కాడు. ఊట దగ్గరికి చేరేసరికి అతని బూటు అడుగు సగం ఊడి చప్పట్లు కొడుతోంది. ఊట గుంటలో దోసెడు నీళ్లున్నాయి. ఆపైన ఎర్రగా, చర్మం ఒలిచినట్టున్న కొండ. అతను అడుగు వేయగానే కాలి కింద రాళ్లు బొలబొలా జారాయి. తూలి నిలదొక్కుకున్నాడు. తర్వాత ఫోన్ తీసి నాలుగు వైపులా ఫొటోలు తీసుకున్నాడు.

"మీరు కొండ మొత్తానికి రాశారు, అదే ఇబ్బంది. ఈ ఇరవై ఎకరాలకే విడిగా పెట్టండి. నేను బలంగా రాస్తాను."

"విడిగా అంటే?"

"కొత్త దరఖాస్తు. కొత్త గ్రామసభ తీర్మానం, కొత్త సంతకాలు."

సోని ఆ రాళ్ల మీదే కూర్చుని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. భాస్కర్ ఎటు చూడాలో తెలియక బూటు లేసు కట్టుకున్నాడు.

మర్నాడు ఆమె తీర్మానం పుస్తకం చంకన పెట్టుకుని నలభై రెండు గడపలూ తిరిగింది. "మొన్నేసిన వేలిముద్ర ఏమైనాది, సెరిగిపోనాదా?" అని అడిగినవాళ్లందరినీ తిట్టి మరీ వేయించింది. సోంబరు కళ్లద్దాలకు తాడు కట్టి మెళ్లో వేసింది. ఈసారి మొదటి అంకెలకే దరఖాస్తు వెళ్లింది.

జూన్‌లో వానలు పడ్డాయి. సంస్థ నుంచి జాబు లేదు. మొక్కకు కాగితం రాలేదని తెలియదు కదా. ఊరివాళ్లు తాము పెంచిన నారునే పై వాలులో మట్టి నిలిచిన చోటల్లా నాటారు. ఆగస్టులో గ్రాంటు మంజూరైందని జాబు వచ్చింది. మొక్కలు నాటడానికి ముందు ఖాళీ నేల ఫొటో పంపితే తప్ప సొమ్ము విడుదల కాదని అందులోనే ఉంది.

సోని పనసచెట్టు కిందికి వెళ్లి భాస్కర్‌కి ఫోన్ చేసింది. "నాటిన మొక్కలు పీకి ఫొటో తియ్యమంతారా బాబూ?"

అవతల అతను నిట్టూర్చడం వినిపించింది. ఆ రోజు తాను తీసిన ఫొటోలనే జత చేయిస్తానన్నాడు. చేయించాడు కూడా.

దసరా వెళ్లాక పని మొదలైంది. కూలి డబ్బు ఊళ్లోవాళ్లకే వచ్చింది. మోకాలెత్తు రాతికట్టలు కొండకు అడ్డంగా పదకొండు వరసలు లేచాయి. పక్క ఊరి పశువులు కంచె దాకా వచ్చి వెనక్కి తిరిగాయి. ఆ వేసవిలో గొట్టం చైత్రం చివరిదాకా ఆడింది. తర్వాత ఆగిపోయింది. ఆడవాళ్లు నెలన్నర గెడ్డకు నడిచారు. మూడు నెలలు కాదు, నెలన్నర. సోని దాన్ని గెలుపనుకోలేదు, ఓటమీ అనుకోలేదు.

మళ్లీ తొలి వానలు పడ్డాక భాస్కర్ ఫోన్ చేశాడు. కమిటీ పంపిన నివేదిక అందిందట, బాగుందట. కాకపోతే నూటికి అరవై నాలుగు మొక్కలే బతికాయి, డెబ్భై ఉండాలి, ఎందుకు తగ్గాయో కారణం రాసి పంపమన్నాడు.

"ఎండ," అంది సోని.

"కొంచెం వివరంగా రాయండమ్మా. కనీసం రెండు వందల పదాలు."

సోని ఫోన్ వైపు ఒకసారి చూసింది. "ఎండని రెండొందలసార్లు రాత్తాను బాబూ, సాలుద్దా?" అని పెట్టేసింది. చచ్చిపోయిన మొక్కల గుంటల్లో వేయడానికి ఉసిరి నారు బుట్టకెత్తుకుని కొండెక్కింది.